లావుగా ఉండటం తప్పా? తప్పయితే ఎవరిది?

"ఆరోగ్యమే మహాభాగ్యం" అని మన బడి గోడల మీద రాసి ఉంటుంది. ఒకటో తరగతి నుంచి చూస్తున్న మాట కాబట్టి ఇప్పుడు అది కంటికి ఆనదు. కానీ కాస్త ఆగి ఆలోచిస్తే ఆ మాటలో ఒక చిక్కు ఉంది. ఆరోగ్యం భాగ్యమైతే, అది లేనివాళ్లను చూసి మనం జాలిపడాలి, చేతనైతే సాయం చేయాలి. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతాం. చెయ్యి విరిగిన పిల్లకు నోట్సు రాసి పెడతాం. మరి లావుగా ఉన్న పిల్లవాణ్ణి ఏమని అడుగుతాం? "ఏం తింటున్నావురా అంతగా?" అంటాం. అందరి ముందే అంటాం. నవ్వుతూ అంటాం.

అంటే మిగతా జబ్బులను కష్టం కింద లెక్క వేసి, లావును మాత్రం తప్పు కింద లెక్క వేస్తున్నాం. ఈ లెక్క సరైనదేనా? లావుగా ఉండటం నిజంగా తప్పా? తప్పయితే ఎవరి తప్పు? తినే పిల్లవాడిదా, పెట్టే అమ్మదా, అమ్మే అంగడిదా, ఆడుకోనివ్వని బడిదా? ఈ వ్యాసంలో ఈ ప్రశ్నకు నాకు తోచిన జవాబు వెతకాలనుకుంటున్నాను.

ముందుగా కొలత సంగతి

లావు అన్నది కంటితో చూసి చెప్పే విషయం కాదు. డాక్టర్లు దానికి బి.ఎమ్.ఐ. అనే కొలత వాడతారు. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 60 కిలోల బరువు, 1.60 మీటర్ల ఎత్తు ఉన్నవారికి అది 23.4 వస్తుంది. పెద్దవాళ్లకైతే ఈ అంకెను చూసి నేరుగా చెప్పేస్తారు. మన వయసు పిల్లలకు అలా కుదరదు. ఒకే తరగతిలో ఒకరు ఆరు నెలల్లోనే జానెడు పెరుగుతారు, ఇంకొకరు ముందు ఒళ్లు చేసి తర్వాత పొడవవుతారు. అందుకే 5 నుంచి 19 ఏళ్ల వారికి వయసును బట్టి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా పట్టికలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఒక పట్టిక ఇచ్చింది. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం 2015లో మన పిల్లలకు తగినట్టు ఇంకొకటి ఇచ్చింది. కాబట్టి పక్క బెంచీ వాణ్ణి చూసి "నువ్వు లావు" అని తీర్పు చెప్పే చదువు మనలో ఎవరికీ లేదు. ఈ ఒక్కటి గుర్తుంటే సగం గొడవ తగ్గుతుంది.

అలాగని సమస్యే లేదని కాదు. 1990లో ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో నూటికి 8 మంది అధిక బరువుతో ఉంటే, 2022 నాటికి నూటికి 20 మంది అయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2025లో యూనిసెఫ్ ఇచ్చిన నివేదిక ప్రకారం, బడి వయసు పిల్లల్లో ఊబకాయం ఉన్నవారి సంఖ్య మొదటిసారిగా బరువు తక్కువ ఉన్నవారి సంఖ్యను దాటింది. దక్షిణాసియాలో ఇంకా అలా కాలేదు. మన దేశంలో 2016-18లో జరిగిన పిల్లల పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల వారిలో నూటికి 24 మంది బక్కపల్చగా, నూటికి 5 మంది అధిక బరువుతో ఉన్నట్టు తేలింది. అంటే ఒకే తరగతిలో ఒక బెంచీలో తిండి చాలని పిల్ల, ఇంకో బెంచీలో బరువెక్కువైన పిల్ల కూర్చుని ఉన్నారన్నమాట. పెద్దవాళ్ల సంగతి చూస్తే, మన తమిళనాడు ఆడవాళ్లలో నూటికి 40 మంది దాకా అధిక బరువుతో ఉన్నారని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పిల్లలు ఎటు పోతున్నారో తెలియాలంటే ఈ అంకె చూస్తే చాలు.

"నోరు కట్టుకోలేవా?"

లావుగా ఉన్నవారికి అందరూ ఇచ్చే సలహా ఒకటే. "నోరు కట్టుకో. పొద్దున్నే లేచి పరిగెత్తు." దీని వెనక ఒక నమ్మకం ఉంది. తినడం, మానడం పూర్తిగా మన చేతుల్లో ఉన్నాయని, లావైనవాడికి మనసు మీద అదుపు లేదని. "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అనే సామెత కూడా ఈ నమ్మకం నుంచి పుట్టిందే.

ఈ నమ్మకాన్ని కదిలించే సంగతి ఒకటి సైన్సులో ఉంది. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం లెప్టిన్ అనే హార్మోను జన్యువును కనిపెట్టింది. మన ఒంట్లోని కొవ్వు నుంచి అది తయారై, మెదడుకు "ఇక చాలు, నిల్వ ఉంది" అని కబురు చెబుతుంది. 1997లో ఇంగ్లండులో డాక్టర్లు ఇద్దరు పిల్లలను పరీక్షించారు. వాళ్లు ఒకే కుటుంబంలోని వరసైన పిల్లలు. ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు, విపరీతమైన బరువు పెరిగారు. చూస్తే వాళ్ల ఒంట్లో లెప్టిన్ దాదాపు లేనే లేదు. ఆ తర్వాత అందులో పెద్దపిల్లకు లెప్టిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆకలి తగ్గింది, బరువు తగ్గింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాలి. ఇంజెక్షన్‌కు ముందు ఆ పిల్లను చూసినవాళ్లందరూ ఏమని ఉంటారు? "తిండిపోతు" అనే కదా. ఇంజెక్షన్ తర్వాత ఆ పిల్ల బుద్ధి మారిపోయిందా? లేదు. మారింది ఒక హార్మోను. మనం గుణం అనుకున్నది నిజానికి రక్తంలోని ఒక కొరత.

అయితే ఈ ఉదాహరణను ఎక్కువ సాగదీయకూడదు. అలాంటి కొరత చాలా అరుదు. మనలో ఎక్కువమందికి లెప్టిన్ సరిగానే ఉంటుంది. కాబట్టి "అంతా హార్మోన్లదే, మనం చేసేదేమీ లేదు" అని చిప్స్ ప్యాకెట్ విప్పడానికి ఇది సాకు కాదు. కానీ ఇది ఒక సంగతి నేర్పుతుంది. బయటి నుంచి చూసి ఇంకొకరి ఆకలిని మనం కొలవలేం. ఆకలి అందరికీ ఒక్కలా ఉండదు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన శరీరం, నిద్ర, దిగులు, వాడే మందులు, ఇవన్నీ ఆకలిని మారుస్తాయి. నిద్రనే తీసుకుందాం. మన వయసువాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని డాక్టర్లు అంటారు. రాత్రి పదకొండు దాకా హోంవర్కు, ఆపైన ఫోను, పొద్దున్నే ఐదింటికి ట్యూషను ఉన్న పిల్లకు అది ఎక్కడ దొరుకుతుంది? నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, అందులోనూ తీపి మీద, నూనె వస్తువుల మీద మనసు పోతుంది. ఆ పిల్లకు అదుపు లేదందామా, నిద్ర లేదందామా?

ఆకలి చూసినవాళ్ల ప్రేమ

ఇంటి సంగతికి వద్దాం. మన ఇళ్లలో ప్రేమకు కొలత అన్నం ముద్ద. "ఇంకో ముద్ద తినవే తల్లీ, నా తోడు" అని అవ్వ ప్లేటులో వడ్డిస్తే వద్దనడం ఎవరి వల్లా కాదు. వద్దంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. "బొద్దుగా ఉంటేనే ముద్దు" అన్నది చాలా ఇళ్లలో చట్టంలాంటిది.

దీన్ని చూసి నవ్వడం తేలిక. కానీ ఆ ప్రేమ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. మన హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో మన తాతల కాలంలో రోజూ రాగి సంగటే, వరి అన్నం పండగలకే అని పెద్దవాళ్లు చెబుతారు. బడికి వచ్చిన పిల్లలు ఆకలితో కళ్లు తిరిగి పడిపోయిన రోజులు ఉన్నాయి. పిల్లల ఆకలి తీర్చాలని ఈ రాష్ట్రం వందేళ్లుగా పాటుపడింది. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్నం టిఫిన్ పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో పిల్లకు రోజుకు అణా మించకూడదని లెక్క. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయన మన తెలుగు కుటుంబంలో పుట్టినవాడే. తర్వాత 1956లో కామరాజ్ దాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించారు. 1982లో ఎం.జి.ఆర్. పెద్ద ఎత్తున సత్తుణవు పథకంగా మార్చారు. 2022 సెప్టెంబరులో చిన్న తరగతుల వారికి పొద్దుటి టిఫిన్ కూడా మొదలైంది.

అంత పోరాటం చేసి గెలిచినవాళ్ల మనసులో "కడుపునిండా పెట్టడమే ధర్మం" అని నాటుకుపోయింది. అది నిజంగా ధర్మమే. కాకపోతే కాలం మారింది. అప్పుడు కడుపు నింపింది సంగటి, ఉలవచారు, ఆకుకూర. తిన్నవాళ్లు పొలంలో పని చేశారు, మైళ్ల దూరం నడిచి బడికి వెళ్లారు. ఇప్పుడు అదే ప్రేమ బిస్కెట్టు ప్యాకెట్టు రూపంలో, కూల్‌డ్రింకు రూపంలో వస్తోంది. తిన్నవాళ్లు వ్యాను ఎక్కి బడికి వస్తున్నారు. ప్రేమ తప్పు కాదు. ప్రేమ పాత లెక్కతో నడవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. షిఫ్టు ముగించి రాత్రి ఎనిమిదింటికి వచ్చిన అమ్మకు కూర తరిగే ఓపిక లేకపోతే పరోటా పార్సిల్ వస్తుంది. ఆవిణ్ణి తప్పు పట్టే ముందు, ఆ ఇంట్లో కూర తరగగలిగిన మిగతా చేతులు ఏం చేస్తున్నాయో కూడా అడగాలి.

బడి ఏం చేస్తోంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మన వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలి, పరిగెత్తాలి. వారానికి 420 నిమిషాలు. చాలా బడుల్లో పి.టి. పీరియడ్లు వారానికి రెండు. ఒక్కొక్కటి 40 నిమిషాలనుకుంటే 80 నిమిషాలు. కావలసిన దానిలో ఐదో వంతు కూడా కాదు. అందులో ఒకటి "పోర్షన్ అవ్వలేదు" అని లెక్కల సారో సైన్సు టీచరో తీసుకుంటారు. పదో తరగతి, ప్లస్ టూ వచ్చాయంటే పి.టి. అనే మాట టైమ్‌టేబుల్‌లో మాత్రమే ఉంటుంది. సాయంత్రం ట్యూషను. ఆదివారం స్పెషల్ క్లాసు. ఇంతా చేసి వార్షిక దినాన "ఆరోగ్యమైన మనసు ఆరోగ్యమైన శరీరంలోనే" అని ఉపన్యాసం. మన టీచర్లు దీన్ని చదివి కోప్పడకూడదని మనవి. వాళ్ల మీద మార్కుల ఒత్తిడి ఎంత ఉందో మాకు తెలుసు. కానీ పిల్లవాడి రోజులో ఆటకు చోటు లేకుండా చేసి, తర్వాత వాడికి బద్ధకం అనడం న్యాయం కాదు.

ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. ఐదో తరగతి దాకా అందరితో కలిసి కబడ్డీ ఆడిన పిల్ల, పెద్దమనిషి అయ్యాక వీధిలోకి వెళ్లకూడదు. సాయంత్రం అన్న క్రికెట్టు ఆడతాడు, చెల్లెలు ఇంట్లో గిన్నెలు కడిగి టీవీ ముందు కూర్చుంటుంది. రెండేళ్లకు ఆ పిల్ల కాస్త ఒళ్లు చేస్తే, ఆడొద్దన్నవాళ్లే "ఇలా అయితే పెళ్లెలా అవుతుంది?" అంటారు. కాళ్లు కట్టేసి పరిగెత్తలేదని తిట్టడం అంటే ఇదే.

మన ప్రభుత్వం ప్లస్ వన్ పిల్లలకు సైకిళ్లు ఇస్తోంది. మంచి పథకం. కానీ కంపెనీ బస్సులూ లారీలూ ఆగకుండా తిరిగే రోడ్డు మీద ఆ సైకిలు తొక్కడానికి ఎంతమంది అమ్మానాన్నలు ఒప్పుకుంటారు? సైకిలు ఇచ్చాం, దారి ఇవ్వలేదు. దారి లేనప్పుడు సైకిలు మూల పడి తుప్పు పడుతుంది. తొక్కనిది పిల్లవాడు కాబట్టి పేరు వాడికే వస్తుంది.

గేటు బయట అంగడి

బడి వదిలే సమయానికి ఏ బడి గేటు దగ్గరైనా నిలబడి చూడండి. తలుపుకు వేలాడదీసిన చిప్స్ ప్యాకెట్లు, ఐదు రూపాయలు, పది రూపాయలు. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు. ఒక 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఆరు టీ చెంచాలు. పెద్దవాళ్లకే రోజు మొత్తానికి అంతకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అదే ఆరు చెంచాల చక్కెరను ఒక లోటా నీళ్లలో కలిపి ఇస్తే మనం తాగగలమా? చల్లగా, గ్యాసుతో, పులుపు కలిపి ఇస్తే గుటుక్కున తాగేస్తాం. 50 గ్రాముల చిప్స్‌లో సుమారు 270 కేలరీలు ఉంటాయి. అవి ఖర్చు కావాలంటే గంటకు పైనే నడవాలి. తినడానికి ఐదు నిమిషాలు.

"ఎవరు కొనమన్నారు? నీ ఇష్టం కదా!" అని కొందరు వాదిస్తారు. ఇష్టం అన్న మాటను కాస్త పరీక్షించాలి. గేటు దగ్గర పది రూపాయలతో నిలబడిన ఆకలి పిల్లకు ఎదురుగా ఏమున్నాయి? రంగురంగుల ప్యాకెట్లు. వాటి మీద అభిమాన క్రికెటరు బొమ్మ. ఆ రుచి ఎలా ఉంటే ఇంకొకటి తినాలనిపిస్తుందో బాగా తెలిసిన కంపెనీలు వాటిని తయారు చేశాయి. ఎదురుగా జామకాయలు, ఉడికించిన శనగల సుండల్, అరటిపండు కూడా అంతే అందంగా, అంతే ధరకు ఉండి, అప్పుడు ఆ పిల్ల చిప్స్ తీసుకుంటే అది ఇష్టం. ఉన్నదొక్కటే అయినప్పుడు తీసుకోవడాన్ని ఇష్టం అనడం కష్టం.

మన దేశంలో దీనికి నియమం లేకపోలేదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది. 50 మీటర్లు అంటే ఎంతో ఒకసారి మన గేటు నుంచి అడుగులు వేసి చూడండి. కేరళ ప్రభుత్వం 2016లో పేరున్న హోటళ్లు అమ్మే పిజ్జా, బర్గర్ లాంటి వాటి మీద 14.5 శాతం పన్ను వేసింది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశం అదే 2016లో ఇంకా ముందుకు వెళ్లింది. చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్రతి ప్యాకెట్టు ముందువైపు నల్లటి అష్టభుజి ముద్ర వేయాలంది. అవి బడుల్లో అమ్మకూడదంది, చిన్నపిల్లలకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదంది. ఆ తర్వాత అక్కడ తీపి పానీయాల కొనుగోళ్లు బాగా తగ్గాయి. చిలీ పిల్లలకు ఒక్క ఏడాదిలో మనసు మీద అదుపు పెరిగిపోయిందా? లేదు. వాళ్ల ఎదుట ఉన్నది మారింది.

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న వస్తుంది. గేటు దగ్గర చిన్న అంగడి పెట్టుకున్న అక్క ఆ ప్యాకెట్ల మీద వచ్చే రూపాయి, రెండు రూపాయల లాభంతో ఇల్లు నడుపుతుంది. ఆమెను వెళ్లగొట్టడం ధర్మమా? ఆమె పిల్లలూ ఏదో బడికి వెళ్తూనే ఉంటారు కదా. నా ఉద్దేశంలో ఆమెను వెళ్లగొట్టడం తేలికైన పని, అందుకే అందరూ ముందు అదే చేస్తారు. ప్యాకెట్టు తయారు చేసినవారి జోలికి ఎవరూ పోరు. న్యాయమైన పని ఏమిటంటే, ఆమె అంగడిని ఉంచి సరుకును మార్చడం. ఉడికించిన పల్లీలు, సుండల్, మజ్జిగ, పళ్లు అమ్మితే బడి పిల్లలు, టీచర్లు అక్కడే కొంటామని మాట ఇస్తే ఆమె ఎందుకు మార్చదు? మనం మంచి కోసం అడిగే మార్పు ఖర్చును అందరికంటే పేదవాళ్ల మీద వేయకూడదు.

తప్పు వేరు, బాధ్యత వేరు

ఇంతవరకూ చదివినవారికి ఒక సందేహం రావచ్చు. "అవ్వది ప్రేమ, అమ్మది అలసట, సారుది ఒత్తిడి, అంగడి అక్కది బతుకు. అందరికీ కారణాలు ఉన్నాయి. అయితే ఎవరిదీ తప్పు కాదా? ఎవరూ ఏమీ చేయనక్కర్లేదా?"

ఈ సందేహానికి జవాబు తప్పుకూ బాధ్యతకూ తేడా తెలుసుకుంటే దొరుకుతుంది. తప్పు అన్నది వెనక్కి చూసే మాట. ఎవరు చేశారు, ఎవరిని దండించాలి అని అడుగుతుంది. బాధ్యత ముందుకు చూసే మాట. ఇప్పుడు ఎవరు ఏం చేయగలరు అని అడుగుతుంది. వీధిలో నీళ్ల పైపు పగిలి ఇంట్లోకి నీళ్లు వస్తే, పైపు పగలగొట్టింది మనం కాదు. అయినా చీపురు పట్టుకుని నీళ్లు తోసేది మనమే. పైపు బాగు చేయాల్సింది మునిసిపాలిటీ. ఇద్దరికీ పని ఉంది. నీళ్లు తోస్తున్నవాణ్ణి చూసి "నీ ఇల్లు తడిసింది, సిగ్గులేదా?" అన్నవాడు మాత్రం ఏ పనీ చేయనివాడు.

ఈ పద్ధతిలో చూస్తే బాధ్యతను పంచడానికి ఒక సూత్రం దొరుకుతుంది. ఎవరి చేతిలో ఎంత శక్తి ఉంటే వారి మీద అంత బాధ్యత. ప్యాకెట్టులో ఏం వేయాలో, దాని మీద ఏ బొమ్మ ముద్రించాలో నిర్ణయించే కంపెనీకి, దానికి నియమం పెట్టగల ప్రభుత్వానికి ఎక్కువ బాధ్యత. టైమ్‌టేబులు వేసే బడికి, వంట చేసే ఇంటికి ఆ తర్వాత. పది రూపాయల నోటు పట్టుకున్న పన్నెండేళ్ల పిల్లకు అందరికంటే తక్కువ. తక్కువే కానీ సున్నా కాదు. సున్నా అంటే మనల్ని మనమే బొమ్మల కింద లెక్కేసుకున్నట్టు. ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. అందరికంటే తక్కువ శక్తి ఉన్న పిల్ల మీద నింద మొత్తం వేసి, మిగతావాళ్లు చేతులు కడుక్కుంటున్నారు.

ఎగతాళి వల్ల మేలు జరుగుతుందా?

"నాలుగు మాటలంటేనే రోషం వచ్చి తగ్గుతారు" అని కొందరు పెద్దవాళ్లు కూడా అంటారు. మంచి కోసమే అంటారు. ఇది నిజమో కాదో చూద్దాం. బరువు గురించి ఎగతాళికి గురైన పిల్లలు బరువు తగ్గడం కంటే పెరగడమే ఎక్కువని, దిగులుతో చాటుగా ఎక్కువ తింటారని పరిశోధనల్లో తేలింది. కారణం వెతకడం కష్టం కాదు. "గుండు" అని పిలిచే గుంపులోకి ఆటకు ఎవరు వెళ్తారు? పరిగెడుతుంటే నవ్వుతారని తెలిసిన పిల్ల పి.టి. పీరియడ్‌లో కడుపునొప్పి అని తరగతిలోనే కూర్చుంటుంది. ఆట తగ్గుతుంది. దిగులు పెరుగుతుంది. దిగులుకు తోడు ప్యాకెట్టు. అంటే ఏ మందు ఇస్తున్నామంటున్నామో అదే జబ్బును పెంచుతోంది. ఇంకొందరు పిల్లలు రోషంతో పూటలకు పూటలు తిండి మానేస్తారు. పెరిగే వయసులో అది ఇంకా ప్రమాదం. ఎముకలు, రక్తం తయారయ్యే రోజులివి.

మన సినిమాల్లో లావుగా ఉన్న స్నేహితుడు ఎప్పుడూ తింటూ, పడిపోతూ నవ్వించడానికే ఉంటాడు. వాడికి చదువు, కోరిక, బాధ ఏవీ ఉండవు. ఆ నవ్వు మనతో పాటు థియేటరు నుంచి తరగతిలోకి వస్తోంది. బరువులు చూసే రోజున పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి బరువూ గట్టిగా చదివే అలవాటు కొన్ని బడుల్లో ఉంది. రాసుకునేవారికి వినబడితే చాలు కదా? మార్కుల కాగితాన్ని మడిచి ఇచ్చినట్టు బరువు కాగితాన్నీ మడిచి ఇవ్వవచ్చు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఎగతాళి తప్పనడానికి అది పనిచేయకపోవడం ఒక్కటే కారణం కాదు. ఒకవేళ పనిచేసినా తప్పే. మనిషి విలువ కిలోల్లో లేదు. మన స్నేహితురాలు పాట బాగా పాడుతుంది, లెక్కల్లో ముందుంటుంది, అబద్ధం చెప్పదు. ఇవన్నీ వదిలేసి ఆమెను ఒక్క మాటతో, అదీ ఆమె శరీరంతో పిలవడం అంటే మనిషిని చూడకుండా కుప్పను చూడటమే. బక్కగా ఉన్నవాణ్ణి "ఈక" అనడం కూడా ఇలాంటిదే.

మనం చేయగలిగినవి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ గురించి మనం ఇక్కడ చెప్పుకోవాలి. అది 1918లో మన తమిళనాడులోని కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వెళ్లింది. 2024లో ఆ సంస్థ మన దేశానికి ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. మన దేశంలోని జబ్బుల భారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లేనని అందులో చెప్పింది. పళ్లెంలో దాదాపు సగం కూరగాయలు, పళ్లు ఉండాలని, మిగతా సగంలో ధాన్యాలు, పప్పులు, గుడ్లు, గింజలు, పాలు ఉండాలని ఆ పుస్తకం సారాంశం. ఇది వింత వంటకం కాదు. సంగటి, పప్పు, ఆకుకూర, మజ్జిగ, ఒక జామకాయ. మనం పల్లెలో వదిలి వచ్చిన భోజనమే.

దీన్ని బట్టి నాకు తోచినవి కొన్ని. బడిలో పి.టి. పీరియడ్‌ను ఏ సబ్జెక్టుకూ ఇవ్వకూడదు. సాయంత్రం గ్రౌండును ఒక గంట తెరిచి ఉంచాలి, వారానికి రెండు రోజులు ఆడపిల్లలకు మాత్రమే కేటాయించాలి. ఆట అంటే టీములో ఎంపికైన పదకొండు మందికే కాకుండా, ఓడిపోయేవాళ్లకు, నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకు కూడా చోటు ఉండాలి. పుట్టినరోజుకు చాక్లెట్లకు బదులు పళ్లు పంచవచ్చు, లేదా లైబ్రరీకి ఒక పుస్తకం ఇవ్వవచ్చు. ఇంట్లో కూల్‌డ్రింకు కొనడం మానితే అందరికీ మానాలి. అన్నకు ఇచ్చి, చెల్లెలికి "నువ్వు లావు, వద్దు" అంటే అది ఆరోగ్యం కాదు, శిక్ష. రాత్రి పది తర్వాత ఫోను అమ్మానాన్నలతో సహా అందరూ పక్కన పెట్టాలి. బరువు గురించి నిజంగా భయం ఉంటే డాక్టరును అడగాలి. యూట్యూబు చూసి సొంత వైద్యం చేసుకోకూడదు.

ముగింపు

మొదట అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. లావుగా ఉండటం తప్పు కాదు. అది ఒక్కోసారి జబ్బు, ఒక్కోసారి జబ్బుకు దారి, ఒక్కోసారి ఆ వయసుకు వచ్చి పోయే మార్పు. దాన్ని చూసి నవ్వడం మాత్రం తప్పు. మన చేతిలో ఉన్న పని చేయకుండా పిల్లను నిందించడం అంతకంటే పెద్ద తప్పు.

మన పెద్దలు వందేళ్ల కిందట ఆకలిని చూసి "ఈ పిల్లది ఏం పాపం?" అని అడిగారు. బడికి రాని పిల్లను తిట్టలేదు, బడిలో పొయ్యి వెలిగించారు. ఆకలికి చేసిన ఆ న్యాయాన్నే ఈ కొత్త కష్టానికీ చేయమని అమ్మానాన్నలను, టీచర్లను అడుగుతున్నాను. ఇక స్నేహితులారా, మనకు చట్టాలు చేసే శక్తి లేదు, అంగళ్లు మార్చే డబ్బు లేదు. కానీ ఆటకు పిలిచే నోరు ఉంది. రేపు సాయంత్రం ఆటకు టీములు వేసేటప్పుడు, ఎప్పుడూ చివర మిగిలిపోయే ఆ ఒక్కరిని ముందుగా పిలుద్దాం. పేరు పెట్టి పిలుద్దాం, వాళ్ల అమ్మానాన్నలు పెట్టిన పేరు.